పన్నెండో బిందె

ఇప్పుడే కూసున్నోళ్లకు జర వెనుకటి సంగతి చెప్పాలె. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనుక గల్లీల లాల్ మహమ్మద్‌ది వడ్రంగి షెడ్డు. మూడేండ్ల కింద ఆయన కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన డాక్టరమ్మ "చిన్న వస్తువులు పట్టుకోని ఒకదాని మీద ఒకటి పేర్చు, గదే నీకు మందు" అన్నది. బిడ్డ ఇష్రత్ దర్వాజలు చేయంగ మిగిలిన చెక్కముక్కలతోని అరచేతిల పట్టేటంత బిందెలు చేసింది. కింద గుండ్రంగ చెక్కిన పీట ఒకటి చేసింది. అది బల్ల మీద పెడితే ఊగుతది. ఆ ఊగే పీట మీద బిందెలు నిలవెట్టాలె. మందు కాస్త ఆట అయింది, ఆటకు 'కుదురు' అని పేరు వచ్చింది, షెడ్డుల అయిదుగురు ఆడోళ్లకు పని దొరికింది. జిల్లా అంగన్‌వాడీలకు ఈ ఆట తీసుకుంటమని కొంగరకలాన్‌ల ఆఫీసోళ్లు అన్నరో లేదో, సిటీల ఒక కంపెనీ 'బిందాస్ బిందె' అని గసుంటిదే డబ్బాల వెట్టి దింపింది. పైగా ఆట మాదే, ఇష్రతే దొంగ అని కాయిదం వెట్టింది. రేపు పొద్దుగాల పదకొండింటికి ఇష్రత్, కంపెనోళ్లు ఇద్దరు రుజువులు పట్టుకోని ఆఫీసుకు రావాలె. ఇష్రత్ కోపానికి కండ్లు లేవు. షెడ్డుల పనిచేసుకుంట ఆట వీడియోలు తీసే మనోజనే ఆటను అమ్ముకున్నదని నలుగుట్ల అని, చిన్ననాటి దోస్తును షెడ్డు బయటికి పంపింది.

ఆ మనోజ ఇయ్యాల మధ్యాహ్నం మూడింటి ఎండల తిరిగొచ్చింది. చేతిల డబ్బా. చెక్కలు చిత్రికవట్టే రందా బల్ల మీద దాన్ని ఠప్పున వెట్టింది.

"ఇగో, నేను అమ్ముకున్న ఆట. చూసుకో."

ఇష్రత్ చేతిల పాలిష్ పేపర్ ఆగింది. "యాడిదే?"

"కొనుక్కొచ్చిన. దొంగనని గూడ చూడలే, నాకు ఫ్రీగ ఇయ్యలే కంపెనోడు."

మిగిలిన ఆడోళ్లు అన్నానికి పోయిండ్రు. షెడ్డుల ఇద్దరే ఉన్నరు. పక్క వంటింట్ల మదీనా బీ, ఇష్రత్ తల్లి, గిన్నెలు కడుగుతున్న సప్పుడు ఆగిపోయింది. ఆమె ఇంటుందని ఇద్దరికి ఎరుకే.

మనోజ డబ్బా చింపి బిందెలు వరుసగ నిలవెట్టింది. నున్నగ, మెరిసే రంగుల, ఒక్క గీత లేకుంట మిషిను కోసినవి. పదకొండు నిలవడ్డయి. పన్నెండోది నిలవడలే. పెట్టుడుతోనే పక్కకు ఒరిగింది. మనోజ దాన్ని లేపింది, మల్ల ఒరిగింది.

"డబ్బా మీద దీన్ని 'మాయ బిందె' అని రాసుకున్నరు. దీన్ని నిలవెట్టినోడు మొనగాడంట. జర ముట్టుకోని చూడు ఇష్రత్."

ఇష్రత్ ముట్టుకున్నది. మెడ ఎడమకు వాలి ఉంది. కడుపు మీద బొటనవేలు పట్టేటంత సొట్ట. ఆమె వేలు ఆ సొట్టల కూసున్నది, కూసున్నంక లేవలే.

ఆ సొట్ట ఆమెకు ఎరుక. పదకొండు బిందెలు ఇష్రత్ కోసింది. పన్నెండోది నేను చెక్కుతనని బాపు పట్టువట్టిండు. పడిపోయిన చేతిల ఉలి పట్టుకోని వారం దినాలు చెక్కిండు. ఉలి జారి సొట్ట పడ్డది. మెడ వాలింది. అయినా ఆ దినం ఇంట్ల అందరికి సేమ్యా పాయసం. చెయ్యి వడ్డంక బాపు చేసిన మొదటి వస్తువు అది.

"నేను వీడియో తీసినయన్ని అమ్మే సెట్లు," మనోజ ఒక్కొక్క మాట మేకు కొట్టినట్టు కొట్టింది. "అమ్మే సెట్లల్ల పన్నెండో బిందె తిన్నగుంటది. పిల్లలు ఏడుస్తరు, తిన్నగ చేయుండ్రి అని నువ్వే చెప్పినవ్. వంకర బిందె ఉన్నది ఒకటే ఒక్క సెట్టుల. మొదటి సెట్టుల. గది యాడుంటది?"

ఇష్రత్ వంటింటి దిక్కు చూసింది. ఉప్పు డబ్బా పక్కపొంటి, గుడ్డసంచిల.

"మీ వంటింట్ల. నేను మీ వంటింట్ల అడుగువెట్టిన్నా ఎన్నడన్న? మీ అమ్మ నన్ను చాయ్ గిన్నె గూడ ముట్టనియ్యదు."

"నీకు ముట్టనిస్తే శక్కర డబ్బా ఒడుస్తది," అని లోపల్నుంచి మదీనా బీ.

"మనోజా..."

"అనకు. ఇప్పుడు అనకు. నేనింక కోపంలనే ఉన్న. మా అమ్మ సుసన్న మొన్న ఆదివారం చర్చిల మోకాళ్ల నొప్పులతోని మోకరించి నీకోసం ప్రార్థన చేసింది. ఇష్రత్‌కు బుద్ధి రావాలె ప్రభువా అని."

"వచ్చిందని చెప్పు."

"నువ్వే పోయి చెప్పు. నేను పోస్ట్‌మాన్‌నా?"

అయితే మనోజ ముఖం జర మెత్తవడ్డది. స్టూలు గుంజుకోని కూసున్నది.

డబ్బాల ఒక కాయిదం ఉంది, ఆట ఎట్ల ఆడాల్నో అచ్చువేసి. ఇష్రత్ చదివింది. 'మీకు అలవాటు లేని చేతితోనే ఆడాలి.' ఆ మాట చదివి ఆమె ఒళ్లు మండింది. ఆ రూలు ఏ పుస్తకంలది కాదు. బాపు కుడిచెయ్యి సగమే పనిచేస్తది గనక ఎదురు కూసున్నోళ్లు గూడ తమకు రాని చెయ్యే వాడాలె, గప్పుడే బరాబర్ అని ఈ ఇంట్ల పెట్టుకున్నరు. సీద చేతోళ్లు ఎడమచెయ్యి, ఎడమ చేతోళ్లు కుడిచెయ్యి. ఒక మనిషి ముందట అందరు జర అవిటోళ్లు కావాలె. దాన్ని మర్యాద అంటరు. కంపెనోడు ఆ మర్యాదను గూడ డబ్బాల మడతవెట్టి అమ్ముతుండు.

అంతేనా? మిషిను ఆ వంకర బిందెను కొలిచింది. వాలిన మెడను కొలిచింది. సొట్టను కొలిచింది. పడిపోయి లేచిన చేతి వణుకు ఎన్ని గీతలో అన్ని గీతలు లెక్కవట్టి వేల డబ్బాలల్ల వేల వణుకులు కోసి పెట్టింది. ఆ చెయ్యి ఎవరిదని ఒక్కడు అడగలే.

ఇద్దరు కలిసి కంపెనోళ్ల బిందెలు కంపెనోళ్ల పీట మీదనే పేర్చి చూసిండ్రు. ఎనిమిదింటి దాక సాఫ్‌గ పోయింది, తొమ్మిదో దానికి కుప్పవడ్డది. మల్ల పేర్చిండ్రు. మల్ల తొమ్మిదికే.

"అన్నీ ఒకటే బరువే," ఇష్రత్ అన్నది. "చెక్కపొడి ఒత్తి చేసిన అట్ట. మనదాంట్ల నాలుగు తుమ్మ, నాలుగు వేప, నాలుగు బూరుగు. పైన ఒకటే జాజురంగు. కంటికి తెల్వదు, చేతికే తెలుస్తది ఏది బరువో. వీళ్లు ఆకారం ఎత్కపోయిండ్రు, చేతికి తెలిసేది ఇడిసివెట్టిండ్రు."

"ఇది రేపు అక్కడ చెప్పు."

"చెప్తే? మీరే మా ఆటను తీసుకోని చెక్క మార్చిండ్రు అంటరు. మొదటి సెట్టు మా ఇంట్లకెళ్లి ఎట్ల బయటికి పోయిందో చెప్పాలె. ఎవడు ఎత్కపోయిండో చెప్పాలె."

"ఎత్కపోలే," అని గడప కాడ్నుంచి ఒక గొంతు. "నేనే ఇచ్చిన."

లాల్ మహమ్మద్. నమాజుకు కాళ్లుచేతులు కడుక్కోని, వజూ చేసుకోని వచ్చినట్టుండు, మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నయి. కుడిచెయ్యి ఎప్పటిలెక్కనే కడుపు కాడికి ముడుచుకోని ఉంది.

"ఎవలకిచ్చినవ్ బాపు?"

"బుగ్గయ్యకు."

బుగ్గయ్యను ఈ షెడ్డుల ఎరుగనోళ్లు లేరు. లాల్ మహమ్మద్‌తోని కలిసి ముప్పయ్యేండ్లు రందా కొట్టినోడు. దర్వాజలు రెడీమేడ్ వచ్చుడుతోని పని తగ్గి, రావిర్యాల దిక్కు ఒక చెక్కల ఫ్యాక్టరీల కోత మిషిను మీద చేరిండు.

"పోయిన ఎండకాలం నా చెయ్యి ఎట్లుందో చూస్తనని వచ్చిండు. ఆట చూసిండు. పిలగాని లెక్క సంబరపడ్డడు. లాలన్నా, నాలుగొద్దులు ఫర్మా ఇస్తవా అన్నడు. ఇచ్చిన."

"అడుగుతే ఇచ్చుడేనా!"

"ఫర్మా అడుగుతే ఇయ్యక ఏం జేస్తరు బిడ్డా?"

ఆ మాటల కపటం లేదు. ఆయన నిజంగనే అడుగుతుండు. వడ్లపని, అంటే చెక్కపని, చేసేటోళ్ల ఇండ్లల్ల ఫర్మా అంటే నమూనా. నాగలి ఫర్మా, బండి చక్రం ఫర్మా, ఊయల కాళ్ల ఫర్మా. యాచారంల ఒకడు కొత్త తీరు కనిపెడితే దాన్ని ఇంకో ఊరోడు అడిగి తీస్కపోతడు, చూసి చేసుకుంటడు, నూనె రాసి తిరిగి పంపుతడు. లేదన్నోన్ని మల్ల ఎవ్వడు పనికి పిలువడు. ఇచ్చినోని పేరు నలుగుట్ల నిలుస్తది. లాల్ మహమ్మద్ ఎరిగిన లోకం అది. ఆ లోకంల ఫర్మాకు మాలికు లేడు, వాడేటోళ్లే ఉంటరు. ఫర్మాకు నెంబరు వేసి, నోటీసు రాసి, చేసినోన్నే దొంగ అనొచ్చని ఆయనకు ఎవడు చెప్పిండు?

"నూనె రాసే పంపిండు," అన్నడు మెల్లగ. "వాసన చూడు కావాలంటే."

"నాకు వాసన చూపియ్యకు బాపు!" ఇష్రత్ గొంతు లేచింది. "అది నీ ఫర్మా కాదు, నాది! పదకొండు నేను కోసిన. నువ్వు చెక్కింది ఒక్కటి!"

"అవ్. ఒక్కటే." ఆయన కంపెనీ బిందెను ఎడమచేత్తో ఎత్తి చూసిండు, సొట్ట మీద బొటనవేలు వెట్టిండు. "అచ్చం నా లెక్కనే చేసిండ్రు. బుగ్గయ్య మిషిను మంచిగ నడుపుతడు."

ఆ ముఖంల కోపం లేదు. కొంచెం గర్వం గూడ ఉంది, అదే ఇష్రత్‌కు ఇంకా మండింది.

ఇష్రత్ డబ్బా తిప్పి, అడుగున సన్నగ అచ్చువడ్డ రావిర్యాల పేరు చూపించింది. "రేపు నువ్వొచ్చి చెప్పాలె. బుగ్గయ్య కాక ఫలానా నెల మా ఇంటికొచ్చి తీస్కపోయిండు, ఆయన పనిచేసే ఫ్యాక్టరీల్నే ఈ డబ్బాలు తయారైనయి అని. ఆ ఒక్క మాట చెప్తే అయిపోతది."

"చెప్ప."

"బాపు!"

"చెప్ప బిడ్డా. వాని పేరు వచ్చిందంటే తెల్లారి వాడు గేటు బయట ఉంటడు. యాభై ఎనిమిదేండ్లు. ఇంకో మిషిను మీద ఎవడు నిలవెడ్తడు వాన్ని?"

మనోజ ఊకోలే. "కాకా, ఈ షెడ్డుల మేం అయిదుగురం ఉన్నం. మా అమ్మకు మోకాళ్లు పోయినయి. కూసోని చేసే పని ఇదొక్కటే దొరికింది. మా ముఖాలు చూడవా?"

"చూస్తున్న బిడ్డా." ఆయన నిజంగనే చూసిండు, తల దించుకోలే. "మీ ముఖాలు చూస్తుంటే నాకు నిద్ర వడ్తలేదు. బుగ్గయ్య వాళ్ల బాపు రాంచంద్ర నా చేతిల ఉలి వెట్టిండు. తండ్రి లేనోన్ని. మసీదు గల్లీ పోరనికి మన పని ఎందుకు నేర్పుతున్నవని వాళ్లోళ్లే అడిగిండ్రు. వాని చెయ్యి చూసిన అన్నడు, ఇంకో మాట అనలే. ఆ ఇంటి ఫర్మాలతోనే నేను ముప్పయ్యేండ్లు బతికిన. ఒక్కనాడు లేదనలే. ఇప్పుడు నేను పోయి ఆఫీసుల నిలవడి ఆ ఇంటి కొడుకు దొంగ అనాల్నా?"

"దొంగ అనకు. తీస్కపోయిండు అను."

"వాళ్లకు రెండు ఒకటే."

ఇష్రత్ ఇంకా గట్టిగ అరిచింది. "అయితే నన్ను దొంగ అననీ! నీ బిడ్డను!"

షెడ్డు రేకులు గణగణమన్నయి.

వంటింట్లకెళ్లి మదీనా బీ వచ్చింది. చేతిల గుడ్డసంచి. డబ్బా, కాయిదం, కంపెనీ బిందెలు, అన్నిటిని మోచేత్తో ఒక దిక్కు నెట్టి సంచిని బల్ల నడుమ వెట్టింది. మొదటి సెట్టు.

"అజాన్ అయ్యేలోపట తెంపుండ్రి ఈ లొల్లి. ఈ ఇంట్ల లొల్లి ఎట్ల తెగుతదో మర్చిపోయిండ్రా?"

మర్చిపోలే. మూడేండ్ల సంది ఈ ఇంట్ల జగడం తెగేది కుదురు మీదనే. నీళ్ల క్యాన్ ఎవరు మోయాలె, అలిగినోళ్లతోని ముందు ఎవరు మాట్లాడాలె, అన్నీ. పోయినేడు షాద్‌నగర్ సంబంధం వద్దన్న ఇష్రత్ మాట గూడ దీనిమీదనే గెలిచింది. బిందెలు పడగొట్టినోళ్లు ఓడినట్టు, ఆఖరి బిందె నిలవెట్టినోళ్లు గెలిచినట్టు. ఓడినోళ్లు మల్ల నోరు తెరవొద్దు.

"నేను ఓడితే," లాల్ మహమ్మద్ కూసుంటా అన్నడు, "రేపు వచ్చి బుగ్గయ్య పేరు చెప్త. నువ్వు ఓడితే?"

ఇష్రత్ సంచిని దగ్గరికి గుంజుకున్నది. "కాక పేరు నా నోట్లకెళ్లి రాదు. మనోజ నోట్లకెళ్లి గూడ."

"నా నోరు నడుమ ఎందుకే?"

"పెద్దది నీ నోరే గనక," అన్నది మదీనా బీ.

చిన్నోళ్లు మొదలువెట్టాలె. పదకొండు బిందెలు సంచిలకెళ్లి చూడకుంట తియ్యాలె. వంకర బిందె ఆఖరుకు. అంటే పన్నెండోది బాపు వంతు. ఆ బిందెను ఇంతవరకు ఆఖరుకు నిలవెట్టినోళ్లు లేరు, ఈ ఇంట్ల గూడ లేరు. ఇష్రత్ ఆ లెక్క వేసుకున్నది. వేసుకున్నందుకు సిగ్గుపడ్డది.

"ఈసారి నువ్వు మొదలువెట్టు బాపు."

"రూలు రూలే. తియ్యి."

ఎడమచెయ్యి సంచిల వెట్టింది. తుమ్మ, బరువు. పీట నడుమ వెట్టింది. బాపు ముడుచుకున్న కుడిచెయ్యి మెల్లగ ఇప్పి ఒక వేప తీసిండు. తుమ్మకు ఆనిచ్చిండు. పీట ఇటు ఊగి అటు ఊగి ఆగింది. మూడు. నాలుగు. అయిదు. మనోజ గోర్లు కొరుకుతుంది. ఏడో బిందెకు పీట ఒక దిక్కు వాలి, అట్లనే వాలి నిలవడ్డది. లేవలే, పడలే.

ఎనిమిదోది బాపుది. చెయ్యి వణికింది. చేతిలున్న బిందె పక్క బిందెకు తాకి టిక్కుటిక్కుమన్నది, దవాఖానల నర్సమ్మ సూది సీసాను తట్టినట్టు. ఆయన ఆగిండు. చేతికి తోచేదాక ఆగిండు. వణుకు పోలే గాని, వణుకు ఒక తీరుగ వస్తది, దాని నడుమ సందు ఉంటది. ఆ సందుల బిందెను దింపిండు.

తొమ్మిది. పది.

పదకొండోది ఇష్రత్ చేతికి బూరుగు వచ్చింది, పత్తికాయ లెక్క తేలిక. దాన్ని నడుమ వెడితే పీట సమమైతది, బాపుకు సులువైతది. అంచుకు వెడితే బాపుకు జాగ దొరకదు. ఆమె బాపు చెయ్యిని చూసింది. మనోజను చూసింది. ఖాళీగున్న నాలుగు స్టూళ్లను చూసింది. అంచుకే వెట్టింది.

లాల్ మహమ్మద్ నవ్విండు. "గట్ల. జాలితోని ఆడుతే చెంప పగలగొట్టేటోన్ని."

ఆయన వంకర బిందెను ఎత్తుకున్నడు. కుడి అరచేతిల దాన్ని దొర్లిచ్చిండు. బొటనవేలు సొట్టను ఎతుక్కున్నది, దొరకవట్టుకున్నది. తర్వాత బిందెను ఎటు తిప్పిండో ఇష్రత్ చూసింది. మెడ గోడ దిక్కు వాలేటట్టు తిప్పుతరు ఎవ్వరైనా. ఆయన మెడను తన దిక్కు తిప్పుకున్నడు, ఆ పదకొండింటి మీద, అంచుకు, మెల్లగ వెట్టిండు. వేళ్లు ఒక్కొక్కటి ఇడిసిండు.

పీట ఊగింది. ఇంకోసారి ఊగింది. ఆగింది.

పన్నెండు.

మదీనా బీ కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది. అందరికంటే ముందు మనోజకు తెలివొచ్చింది. "అయ్యో! వీడియో తీయలే!"

"ఎట్ల బాపు?" ఇష్రత్ పీట మీదికి వంగింది. "అది నిలవడదు గదా."

"నిలవడకుంటె నేను చెక్కుతనా? అది తుమ్మ ముక్క, లోపల కొమ్మ మొలిచిన కాడ గట్టి ముడి ఉంది. మెడ ఎటు వాలిందో దానికి ఎదురు దిక్కు. ఉలి జారింది ఆ ముడి తగిలే. ఆకారం ఇటు ఒరుగుతది, బరువు అటు గుంజుతది. రెండు కలిసి నిలవడ్తయి."

ఇష్రత్ కంపెనీ బిందెను ఎత్తి బల్ల మీద వెట్టింది. ఒరిగింది. మల్ల వెట్టింది. మల్ల ఒరిగింది. అప్పుడు ఆమెకు ఎరుకైంది. వాళ్లు వంకర కొలిచిండ్రు, ముడి కొలవలే. మిషినుకు పైన కనవడ్డదే ఎరుక. నిలవడే బిందెను చూసి నిలవడని బిందెను చేసినోడే నకలు కొట్టినోడు. ఇంతకంటే ఏం రుజువు కావాలె?

"మనోజా! ఎవరి పేరు చెప్పే పనే లేదు! రెండు బిందెలు రేపు ఆఫీసు టేబుల్ మీద వెడ్దాం. ఏది నిలవడ్తదో సారును చూడమందాం!"

మనోజ ఆమె మెడకు చెయ్యేసి గుంజింది. ఇద్దరు నవ్వుతున్నరు, కండ్లు తుడుసుకుంటున్నరు. కోపం ఎప్పుడు పోయిందో ఇద్దరికి తెల్వదు.

"ముడి సంగతి ఎవరికన్న చెప్పినవా బాపు?"

"వడ్లపని ఎరిగినోనికి చెప్పే పని లేదు," అన్నడు లాల్ మహమ్మద్, చెయ్యి ఒత్తుకుంటా. "చేతిల పట్టుకుంటే తెలుస్తది."

అజాన్ మొదలైంది. ఆయన లేవబోయిండు. గప్పుడే గల్లీల స్కూటీ ఆగింది. హెల్మెట్ గూడ తీయకుంట ఒక పిల్ల గడప కాడికొచ్చి నిలవడ్డది. సింధు. బుగ్గయ్య కోడలు. రావిర్యాల నుంచి ఆగకుంట వచ్చినట్టుంది, ముఖమంత దుమ్ము.

"రా బిడ్డా, నీళ్లు తాగు," అన్నది మదీనా బీ.

"నీళ్లొద్దు పెద్దత్తమ్మా. నేనొచ్చినట్టు మా ఇంట్ల తెల్వదు." సింధు లాల్ మహమ్మద్ దిక్కు తిరిగింది. "పెద్దమామా, మా మామ మూడొద్దుల సంది అన్నం తింటలేడు. నిన్న కంపెనోళ్లు ఇంటికొచ్చిండ్రు. మామను, అక్కడ్నే పనిచేసే మా ఆయనను ఇద్దరిని పనిల్నుంచి తీస్తం అన్నరు. ఒక కాయిదం ముందట వెట్టిండ్రు."

"ఏం కాయిదం వదినే?" అడిగింది ఇష్రత్.

సింధు కండ్లు బల్ల మీది బిందెల మీద పడ్డయి. పన్నెండు, ఒకదాని మీద ఒకటి. చూపు అక్కడ్నే ఆగిపోయింది.

"ఆట మా మామ చేసిందేనట. ఆ వంకర బిందె మా మామ చెక్కిందేనట. లోపల ముడి ఉంది, అది యాడుందో, ఎటు తిప్పి నిలవెట్టాల్నో రేపు అందరి ముందట చూపిస్తడట. సంతకం వెట్టిండు. వెట్టి, లోపలికి పోయి గోడకు తల కొట్టుకున్నడు. రేపు కొంగరకలాన్‌ల కంపెనీ దిక్కు నిలవడేది మా మామనే."

గల్లీల అజాన్ అయిపోయింది.

ఇష్రత్ బల్ల అంచు పట్టుకున్నది. రేపు ఎదురుంగ బుగ్గయ్య కాక నిలవడ్తడు, ముడి చూపిస్తడు. ఫర్మా మా ఇంట్లకెళ్లి పోయిందని తను అనేందుకు లేదు. తీస్కపోయిందెవరో చెప్పేందుకు లేదు. ఆ పేరు ఓడిపోయింది. జరసేపటి కింద, ఈ బల్ల మీదనే.

"మాట ఇచ్చిన గదా బాపు," అన్నది.

లాల్ మహమ్మద్ ఎంతసేపో ఆ బిందెలను చూసిండు. చెయ్యి వడ్డ మూడేండ్లల్ల, ఈ ఇంట్ల, ఎవ్వరు ఒక్కసారన్న నిలవెట్టని పన్నెండు బిందెలు. తర్వాత కుడిచెయ్యి కడుపు కాడ్నుంచి తీసి, చాపి, బల్ల మీద అడ్డంగ ఊడ్చిండు. బిందెలు రంపపు పొట్టుల దొర్లినయి. మనోజ చిన్నగ అరిచింది. వంకర బిందె దొర్లుకుంటా పోయి ఇష్రత్ కాలికి తగిలి, నిలవడ్డది.

"పేర్చు బిడ్డా," అన్నడు. "ఈసారి మొదలు నాది. పన్నెండోది నీది."